దొంగ ఎక్స్ఛేంజి

లోకంలో నోరు లేకుండా మాట్లాడినవాటిల్లో డయల్ టోన్‌ని మించింది లేదని నా నమ్మకం. రిసీవరెత్తి చెవి దగ్గర పెట్టుకుంటే ‘గుర్ర్’మని ఒకటే శ్రుతిలో వినిపించేదే, అదన్నమాట. ఈ కాలప్పిల్లలకి దాని సంగతి తెలీదు. వాళ్ళ ఫోన్లు అద్దం పలకలు. వేలితో అలా రాస్తే చాలు, ఇలా అవతలివాడు పలుకుతాడు. మా రోజుల్లో అలాక్కాదు. ముందు ఎక్స్ఛేంజి మనని పలకరించాలి. ‘‘వున్నాను, వింటున్నాను, నంబరు చెప్పండి’’ అని ఆ గుర్రుకి అర్థం. ఆ పలకరింపు వినకుండా బుద్ధున్నవాడెవడూ డయలు మీద వేలు పెట్టేవాడు కాదు. టోను రాలేదంటే లైను చచ్చిందని లెక్క. అప్పుడు పక్కింటికి వెళ్ళి, వాళ్ళ ఫోను బతికుంటే దాన్నించి 198కి కంప్లయింటు రాయించాలి.

ఆ గుర్రుమనే చప్పుడు చావకుండా చూడడమే నా వుద్యోగం. ముప్ఫయ్యారేళ్ళు చేశాను. నేను చేరినప్పుడు తంతి తపాలా శాఖ అనేవారు. 1985లో తపాలా ఒకవైపు, టెలిఫోన్లు ఒకవైపు వేరు కాపరం పెట్టాయి. 2000 అక్టోబరులో మా శాఖ కాస్తా కంపెనీ అయి బి.ఎస్.ఎన్.ఎల్. అని పేరు మార్చుకుంది. పేర్లు మారాయి గాని స్తంభాలెక్కడం తప్పలేదు. రిటైరయ్యాక ఆ విద్యంతా ఎందుకూ కొరగాకుండా పోయింది. సంస్కృత పండితుడికైనా ఎక్కడో ఒకచోట శ్లోకం చెప్పే పని తగులుతుందేమోగాని, రాగితీగ పండితుణ్ణి అడిగే నాథుడెవరు?

అలాంటిది నిరుడు ఇంగ్లండులో, మా అబ్బాయి డైనింగు టేబులు మీద, నా విద్యకి పని పడింది. ఆ ముచ్చటే చెప్పబోతున్నాను.

మావాడు బర్మింగుహాంలో వుంటాడు. మేమిద్దరం ఆర్నెల్ల వీసా మీద వెళ్ళాం. ఆ యింట్లో టెలిఫోను తీగ వుందా అని చూశాను. అలవాటు చచ్చినా పోదు గదా. లేదు. గోడలోంచి గాజుతీగ ఒకటి వచ్చి పెట్టెలో దూరింది. ఆ దేశంలో పాత రాగి టెలిఫోన్లని 2025 చివరికల్లా కట్టిపెట్టేస్తామని మొదట చెప్పి, తరవాత 2027 జనవరికి వాయిదా వేశారట. ఎంతైనా సొంత కులంవాళ్ళు, చావుని కూడా వాయిదా వేయించుకున్నారు అనుకున్నాను.

వెళ్ళిన రెండోరోజే టేబులు మీద ఒక తెల్ల పెట్టె కనిపించింది. మా ఆవిడ దాన్ని ఇడ్లీ పాత్రేమోననుకుని మూత తీసి చూసింది. ఇడ్లీ పాత్ర కాదు, ఆటల పెట్టె. డ్రీమ్‌కాస్ట్ అని పేరు. సెగా అనే జపాన్ కంపెనీ చేసింది. 1998 నవంబరు 27న జపానులో పుట్టింది, 1999 అక్టోబరులో యూరపుకి వచ్చింది. ఆ కాలానికి దాని గొప్పేమిటంటే, టెలిఫోను తీగ తగిలించుకునే మోడెం దాని పొట్టలోనే వుంది. పెట్టెని ఫోను గోడకి కలిపితే, ఎక్కడెక్కడి పిల్లలతోనో ఆడుకోవచ్చు. ఇసావో ఒకావా అనే సెగా పెద్దమనిషి ఈ మోడెం కావలసిందేనని పట్టుబట్టాడని చెబుతారు. ఖర్చని అందరూ నసిగారట. పాపం, వ్యాపారం గిట్టలేదు. 2001 జనవరిలో ‘ఇంక ఈ పెట్టెలు చెయ్యం’ అని కంపెనీ ప్రకటించింది, ఆ మార్చిలోనే ఆయనా పోయాడు. పెట్టెలు మాత్రం తొంభై లక్షల పైచిలుకు ఇళ్ళల్లో వుండిపోయాయి.

వాటిల్లో ఒకటి మావాడిది. చదువుకోడానికి ఆ దేశం వెళ్ళిన కొత్తల్లో, 2001లో, గుంటూరు కుర్రాడొకడితో కలిసి ఒక గదిలో వుండేవాడు. ఇద్దరూ చెరిసగం వేసుకుని ఎవరో వాడేసిన పెట్టె కొన్నారు. ‘ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్’ అని ఒక ఆట వుంది. నలుగురు జట్టుకట్టి ఏదో గ్రహం మీదకెళ్ళి రాక్షసుల్ని చంపడం దాని వైనం. ఇంట్లో పెట్టె ఒకటి, ఫోను లైనొకటి. అంచేత ఒకడు ఆడుతుంటే రెండోవాడు పక్కన కూచుని ‘‘ఒరేయ్ వెనక! వెనక చూడరా!’’ అని అరవాలి. తెల్లారాక వంతు మార్చుకోవాలి. ఆ యేడాదంతా కలిసి వున్నారేగాని, ఆ ఆటలో ఒక్కసారీ కలిసి అడుగు పెట్టలేదన్నమాట. చదువయ్యాక విడిపోయేటప్పుడు ఆస్తి పంపకాలు జరిగాయి. పెట్టె మావాడికి, మెమరీ కార్డు అతనికీ.

అతను గ్లాస్గోలో స్థిరపడ్డాడు. పెళ్ళి, పిల్లలు, ఇల్లు, అన్నీ ఆయుష్షుకి తగినట్టే జరిగాయి. పోయిన ఏడు ఒక ఉదయం ఆఫీసుకి బూట్లు కట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయాడట. పక్షవాతం. మనిషి దక్కాడు. కాలు నడుస్తోంది. కుడిచెయ్యి కొంచెం బిగువు. కాని మాట పోయింది. పోవడమంటే మొద్దుబారడం కాదు. అన్నీ తెలుసు, అందర్నీ గుర్తుపడతాడు, మనం చెప్పిందీ అర్థమవుతుంది. ‘నీళ్ళు’ అందామనుకుంటే ఆ మాట ఎక్కడుందో దొరకదు. వెతుక్కుని వెతుక్కుని చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. మావాడు ఫోను చేస్తే తీసుకోడు. వీడియోలో అసలే కనపడడు. స్నేహితుల ముందు మాట వెతుక్కోవడం కంటే స్నేహితులే లేకపోవడం నయమనుకున్నాడు కాబోలు.

ఇలా వుండగా ఒకరోజు వాళ్ళావిడ మా కోడలికి ఫోను చేసి చెప్పింది: ఆయన అటకమీంచి ఏదో పాత డబ్బా దింపించుకుని, అందులోంచి ఒక చిన్న కార్డు తీసి, రోజంతా చేతిలో పెట్టుకు కూచున్నాడని. అదేమిటో ఆవిడకి తెలీదు. మా కోడలు మావాడికి చెప్పింది. వాడికి తెలుసు.

అదండీ, ఆ తెల్ల పెట్టె డైనింగు టేబులెక్కిన కారణం.

‘‘ఇప్పుడొచ్చే ఆటలు కొనివ్వచ్చు కదురా?’’ అన్నాను.

‘‘వాటినిండా మాటలే నాన్నగారూ. చెవులకి తగిలించుకుని అందరూ అరుచుకుంటూ ఆడతారు. ఇందులో మాట్లాడక్కర్లేదు’’ అన్నాడు. ఆ ఆట చేసినవాళ్ళు జపానువాడూ జర్మనువాడూ కలిసి ఆడాలని, ముందే తయారుచేసిన మాటల పట్టీ ఒకటి పెట్టారట. జపానువాడు తన పట్టీలోంచి ‘సాయం చెయ్యి’ని ఎంచుకుంటే, జర్మనువాడికి జర్మనులో కనిపిస్తుంది. మొత్తం ఐదు భాషలు. ఐదింట్లోనూ తెలుగు లేదు. ఫరవాలేదు, ఇంకో సౌకర్యం వుంది. గుండ్రాలూ గీతలూ పేర్చి మొహాల బొమ్మలు తయారుచేసుకుని పంపచ్చు. నవ్వు మొహం, ఏడుపు మొహం, కోపం మొహం. మాట దొరకనివాడికి బొమ్మ దొరకదా?

బాగానే వుంది. కాని పెట్టెకి కావలసింది టెలిఫోను లైను, అవతల ఎత్తడానికి ఒక కంపెనీ. రెండూ లేవు. అయితే ఈ లోకంలో పోయినవాటిని పోనివ్వని మొండివాళ్ళు కొందరుంటారు. ఆటకి కావలసిన సర్వర్లని అభిమానులే మళ్ళీ కట్టుకుని, సొంత డబ్బుతో నడుపుతున్నారు. లైను సంగతి ల్యూక్ బెన్‌స్టెడ్ అనే ప్రోగ్రామరు చూశాడు. డ్రీమ్‌పై అని ఒక ప్రోగ్రాము రాసి అందరికీ ఊరికే ఇచ్చేశాడు. అది రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు మీద నడుస్తుంది. మా నాన్నగారి కాలంలో ‘పై’ అంటే అణాలో పన్నెండో వంతు, అన్నిట్లోకీ చిన్న నాణెం. ఈ పై కూడా తక్కువదేం కాదు, అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెడితే ఎంతో అంత. పిల్లలు ప్రోగ్రాములు నేర్చుకోడానికని కేంబ్రిడ్జిలో తలపెట్టి 2012లో అమ్మకానికి పెట్టారు.

దాని కిటుకు వినగానే నాకు నవ్వాగలేదు. పై కంప్యూటరుకి ఒక మోడెం తగిలిస్తారు. ఆ మోడెంకీ ఆటల పెట్టెకీ మధ్య మూరెడు ఫోను తీగ. పెట్టె తీగ ఎత్తి వింటుంది. అవతల మోడెం గొంతు మార్చి డయల్ టోను పాడుతూ వుంటుంది. పెట్టె నమ్మి నంబరు నొక్కుతుంది. అంకె చెవిన పడగానే ఇది పాట ఆపేసి, కంపెనీవాడు ఫోనెత్తినట్టే జవాబిస్తుంది. ఆ పైన రెండూ కీచుమని కేకలేసుకుని, సెకనుకు 33,600 బిట్ల చొప్పున మాట్లాడుకోవడం మొదలెడతాయి. ఆ మాటల్ని పై పట్టుకెళ్ళి గాజుతీగలో పోస్తుంది. పెట్టె మాత్రం పాపం, ఏదో ఊళ్ళో ఎక్స్ఛేంజి వుందనీ, అక్కడ నాలాంటివాడొకడు నైట్ డ్యూటీలో వున్నాడనీ అనుకుంటూ వుంటుంది. మూరెడు తీగలో దొంగ ఎక్స్ఛేంజి! మా శాఖలో ఎవరైనా ఇలాంటి పని చేస్తే సస్పెండు చేసేవాళ్ళం.

గ్లాస్గోలో వాళ్ళ పెద్దబ్బాయి ఇలాంటిదే తయారుగా దొరికే సరంజామా కొని, ఎక్కడో ఒక పాత పెట్టె సంపాదించి, అరగంటలో పెట్టేశాడు. వాళ్ళ నాన్న కార్డు అందులో గుచ్చాడు. పని చేసింది. ఇంక రావలసింది మావాడే. మావాడు ఇంజనీరు. ఇంజనీరన్నవాడు తయారు సరుకు కొంటాడా? విడివిడిగా తెప్పించాడు. మూడు వారాలు పట్టింది.

మొదటి వారం పై కంప్యూటరు ఎర్రదీపం మినుకుమినుకుమంది. కాసేపు బతకడం, కాసేపు మూర్ఛపోవడం. చూస్తే పాత సెల్‌ఫోను చార్జరు తగిలించి వుంది. దానికి ఐదు వోల్టులూ, రెండున్నర ఆంపియర్లూ కావాలి. చార్జరు అంత ఇవ్వలేక, మోడెం మేలుకున్నప్పుడల్లా నీరసపడిపోతోంది. మంచి చార్జరు వచ్చింది. ఎర్రదీపం నిలిచింది. అయితే ఆ మూర్ఛల్లో మెమరీ చిప్పు మీద రాసిన ప్రోగ్రాము చెడింది. దాన్ని తుడిచి మళ్ళీ రాశాడు. వ్యాధి తగ్గినా మందులవల్ల వచ్చిన నొప్పులుంటాయి చూశారూ, అలాగన్నమాట.

రెండో వారం మోడెం. పై లేచి, అంతా సవ్యంగా వున్నట్టే చెబుతుంది గాని, తీగలో చప్పుడు లేదు. మావాడు రాత్రి ఒంటిగంట దాకా కూచుని కనిపెట్టాడు. మోడెంలన్నీ లెక్కలు పంపగలవు, ఫాక్సు పంపగలవు, కొన్నే గొంతెత్తగలవు. డయల్ టోను పాడాలంటే గొంతున్న మోడెం కావాలి. వీడికి అమ్మినవాడు మూగది అంటగట్టాడు. ‘‘దీనికి గొంతు లేదు నాన్నగారూ’’ అన్నాడు. అన్నాక ఎందుకో టక్కున నోరు మూసుకున్నాడు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. గొంతున్నది రావడానికి ఐదు రోజులు పట్టింది.

మూడో వారం పెట్టె మొరాయించింది. అది కళ్ళు తెరిచినప్పుడల్లా ముందు తేదీ అడుగుతుంది. లోపలి గడియారం బ్యాటరీ చచ్చిపోయి, ప్రతిసారీ 1998 నవంబరు 27 అని చూపిస్తుంది. అంటే తను పుట్టినరోజు. మనమే పాతికేళ్ళు ముందుకి జరిపి, లోకం ఇక్కడికి వచ్చిందమ్మా అని చెప్పాలి. అదయ్యాక నంబరు కలపమంటే ‘లైను తగిలించి లేదు’ అంటుంది. తగిలించే వుంది. డయల్ టోను కూడా పాడుతోంది. అయినా లేదంటుంది.

ఇక్కడ నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

‘‘తీగలో కరెంటేదిరా?’’ అన్నాను.

వాడు తెల్లబోయాడు. ఈ కాలం ఇంజనీర్లకి ఇది తెలీదు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీ గది అని వుండేది. తలుపు తీస్తే యాసిడ్ ఘాటు ముక్కుకి కొట్టేది. వరసాగ్గా గాజు జాడీలంత సెల్సు, అన్నీ కలిసి 48 వోల్టులు. ఆ కరెంటు రాత్రీ పగలూ ప్రతి యింటి తీగలోనూ నిలబడి వుండేది. ఊళ్ళో కరెంటు పోయినా ఫోను పలికేది అందుకే. రిసీవరెత్తితే ఆ కరెంటు పారుతుంది. పారితేనే ఎక్స్ఛేంజికి మనం ఎత్తామని తెలుస్తుంది, మనకి లైనుందని తెలుస్తుంది. అమెరికాలో అమ్మిన డ్రీమ్‌కాస్ట్ మోడెంలు టోను వింటే చాలు సరిపెట్టుకుంటాయట. యూరపు, జపాను మోడెంలు మాత్రం పట్టింపు మనుషులు. నాడి దొరికితేగాని రోగి బతికున్నాడని ఒప్పుకోవు.

పుస్తకంలో చూస్తే అదే రాసి వుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి, ఒక రెసిస్టరు తెచ్చి, రెండు తీగల్లో ఒకదాన్ని తెంచి మధ్యలో కలిపాం. 48 వోల్టుల బ్యాటరీ గదికి బదులు బొమ్మకారులో వేసుకునే బ్యాటరీ! పెట్టె ఈసారి లైనుందని ఒప్పుకుంది. నంబరు కలుపుతున్నానంది. కలుపుతూనే వుంది. నిమిషమైంది. ‘అవతల సమాధానం లేదు’ అంది. మళ్ళీ కలిపాం. సమాధానం లేదు.

అది గురువారం రాత్రి. శనివారం సాయంత్రం ఆరింటికి కలుద్దామని గ్లాస్గోకి కబురు వెళ్ళిపోయింది. అప్పటికే రెండు శనివారాలు వాయిదా పడ్డాయి. రెండో వాయిదా విని అతను కార్డు మళ్ళీ డబ్బాలో పెట్టేశాడని వాళ్ళావిడ చెప్పింది. మూడోసారి కూడా రాలేమంటే ఆ డబ్బా అటకెక్కుతుంది. దిగదు.

మావాడు తెర మీద ఏవో పట్టీలు తెరిచి అక్షరాలు చదువుతున్నాడు. నాకా అక్షరాలు తెలీవు. నాకు తెలిసిందల్లా వినడం. లైనులో తప్పుంటే లైన్‌మాన్ చేసే మొదటి పని, టెస్టు ఫోను తగిలించి చెవి పెట్టడం. ‘‘ఇంట్లో తీగ ఫోనేదైనా వుందా?’’ అన్నాను. లేదన్నాడు. మా ఆవిడ హాల్లోంచి, ‘‘అదుగో, పూలకుండీ పక్కనున్నదేమిటి మరి?’’ అంది.

మా కోడలు అలంకారానికని కొని పెట్టిన పాత ఫోను. డయలు తిప్పే రకం, నికార్సయిన సరుకు. ‘‘మావయ్యగారూ, అది షోకి పెట్టింది, పని చేస్తుందో లేదో’’ అంటూనే దుమ్ము తుడిచి తెచ్చి యిచ్చింది. దాన్ని తీగకి పక్కన కలిపి రిసీవరెత్తాను.

టోను వినిపించింది! మన టోను కాదు. మనది 400 సైకిళ్ళ నాదం, దాన్ని సెకనుకి 25 సార్లు వూపుతారు గనక గుర్రుమంటుంది. వాళ్ళది 350, 440 రెండు నాదాల కలయిక, తంబురా మీటి వదిలినట్టుంటుంది. అయితేనేం, పద్నాలుగేళ్ళ తరవాత చెవిన పడింది. మా ఆవిడకి కూడా వినిపించాను.

‘‘ఇప్పుడు కలుపు’’ అన్నాను.

వాడు మీట నొక్కాడు. టక్. కాస్త ఆగి, టక్. మళ్ళీ ఆగి, టక్. వేళ్ళు మడుస్తూ పోయాను.

‘‘ఏడు ఒకట్లు కొట్టావేమిటి?’’ అన్నాను.

‘‘మీకెలా తెలుసు?’’ అన్నాడు. తెర అటు తిరిగి వుంది. దొంగ ఎక్స్ఛేంజికి ఏ నంబరైనా ఒకటే గనక వాడు ఏడు ఒకట్లు పెట్టుకున్నాడట.

‘‘నంబరు సంగతలా వుంచు. అది టకటకలాడుతోందిగాని పాడడం లేదు. అంకె వెళ్ళాక డయల్ టోను ఆగాలి. ఇది ఆగకుండా మోగుతూనే వుంది. అంటే ఎక్స్ఛేంజికి నీ అంకె వినపడలేదు’’ అన్నాను.

చదువరులకి కొంచెం విప్పి చెప్పాలి. నంబరు పంపడానికి రెండు పద్ధతులున్నాయి. పాతది పల్సు. తీగలో కరెంటుని తెంచి కలపడం. ఒకటికి ఒకసారి, ఐదుకి ఐదుసార్లు, సున్నాకి పదిసార్లు. డయలు తిరిగి వెనక్కొచ్చేటప్పుడు చేసే పని అదే. కొత్తది టోను. ఒక్కో అంకెకి రెండు నాదాల జంట. ఒకటి నొక్కితే 697, 1209 సైకిళ్ళు కలిసి మోగుతాయి. మా ఎక్స్ఛేంజికి మొదటి భాషే వచ్చేది. ఈ దొంగ ఎక్స్ఛేంజికి రెండోదే వచ్చు. పెట్టె మొదటి భాషలో మొత్తుకుంటోంది. ఇది రెండోదానికోసం చెవి వొగ్గి కూచుంది. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ బతికే వున్నారు, తీగ కూడా బాగానే వుంది. అయినా మాట కలవడం లేదు.

అమరికల పట్టీల్లో అడుగున ఎక్కడో ‘పల్సు’ అని పెట్టి వుంది. వీళ్ళకంటే ముందు ఆ పెట్టె వాడినవాడెవడో పెట్టుకున్నది కాబోలు. గడియారం మరిచిపోయింది గాని, ఆ అలవాటు మాత్రం పెట్టె ఇన్నేళ్ళూ మరవలేదు. మావాడు దాన్ని ‘టోను’ చేశాడు. మళ్ళీ మీట నొక్కాడు. పిట్ట కూసినట్టు ఒక అంకె. టోను ఠక్కున ఆగింది. నిశ్శబ్దం. తరవాత కీచుమని ఒక కేక, దానికి బదులుగా ఇంకో కేక, రెండూ కలిసి హోరు. రిసీవరు చెవికి దూరంగా పట్టుకుని మెల్లగా పెట్టేశాను. రెండు పార్టీలు కలిశాక ఆపరేటరు లైన్లోంచి తప్పుకోవాలి. అది మా ధర్మం.

శనివారం ఆరింటికి మా కోడలు పిల్లల్ని తోలేసి హాలు ఖాళీ చేసింది. తెర మీద పెద్ద చావడి. మావాడి బొమ్మ ఒక మూల నిలబడింది. ఆరుంపావు. ఎవరూ రాలేదు. ఆరున్నర. మావాడు చెమట తుడుచుకుంటున్నాడు. మా ఆవిడ కాఫీ తెచ్చి, ‘‘చెయ్యి బిగువన్నారుగా, మీటలు నొక్కడానికి టైము పడుతుంది’’ అంది. ఆరూ నలభైకి చావడి తలుపు దగ్గర ఇంకో బొమ్మ ప్రత్యక్షమయింది. నీలం చొక్కా. కదల్లేదు. కాసేపటికి దాని తలమీద ఒక మొహం వెలిగింది. గుండ్రటి బుగ్గలు, అడ్డంగా మీసం, ఒక కన్ను మూసి వుంది.

‘‘మా ఇంటి ఓనరు!’’ అన్నాడు మావాడు. 2001లో ఇద్దరూ కలిసి గీసిన బొమ్మట అది. అద్దె అడగడానికి వచ్చినప్పుడు ఆయన మొహం అలా వుండేదట. కార్డులో అలాగే పడివుంది. వీడూ నవ్వు మొహం పంపాడు. ఇంకేం మాట్లాడుకోలేదు. ఇద్దరూ కలిసి అడవిలోకి వెళ్ళారు. ఇరవయ్యేళ్ళు దాటాక, ఒకరి పక్కన ఒకరు, మొదటిసారి.

నాకా ఆట అర్థం కాలేదు. మావాడి బొమ్మ ముందు పరిగెత్తడం, మళ్ళీ ఆగి వెనక్కి తిరిగి నిలబడడం, నీలం చొక్కా నిదానంగా వచ్చి కలుసుకోవడం మాత్రం చూశాను. అలా గంట గడిచింది. చివర ఒక పెద్ద రాక్షసుణ్ణి చంపితే నేలమీద ఎర్రటి పెట్టె ఒకటి పడింది. అందులో ఏదో అపురూపమైన కత్తి వుంటుందట. ఈ ఆటలో పంపకాలు లేవు. ముందు చెయ్యి వేసినవాడిదే. నీలం చొక్కా మెల్లగా అటు నడుస్తోంది. మావాడు పాత అలవాటు కొద్దీ రివ్వున దూకి దాన్ని కాజేశాడు. కాజేసి, నాలిక కరుచుకున్నాడు.

రెండు నిమిషాల్లో మా కోడలి ఫోను మోగింది. గ్లాస్గోనుంచి వాళ్ళావిడ. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీడం లేదు. ‘‘మీ ఆయన ఏం చేశారండీ? ఈయన తెర మీదకి వేలు చూపించి ‘దొంగ వెధవా!’ అని అరిచారు. స్పష్టంగా! రెండు మాటలూ!’’

మాట పోయినవాళ్ళకి కూడా తిట్లూ పాటలూ అంకెలూ లాంటివి ఒక్కోసారి లోపల మిగిలి వుంటాయనీ, వెతుక్కుంటే దొరకవుగాని వాటంతటవే వచ్చి పడతాయనీ డాక్టరు అప్పుడే చెప్పాడట. ఆ రెండు మాటల తరవాత మళ్ళీ ఏమీ రాలేదు. మర్నాడు ‘నీళ్ళు’ అనడానికి మామూలు ప్రయాసే. ఇది మందని నేను అనను. కాని కార్డు ఆ రాత్రి డబ్బాలోకి వెళ్ళలేదట; టీవీ దగ్గరే వుంచమని సైగ చేశాడట.

మావాడు చేతిలో మీటల పలక పట్టుకుని అలాగే కూచుండిపోయాడు. ‘‘వాడు నన్ను తిట్టాడు నాన్నగారూ’’ అన్నాడు. సన్మానపత్రం అందుకున్నవాడి మొహం కూడా అలా వెలగదు.

మా ఆవిడ కాఫీ గ్లాసులు తీస్తూ, ‘‘అయితే వచ్చే శనివారం కూడా ఏదో ఒకటి కాజెయ్యరా నాయనా’’ అంది.